ఉంగరం తీసి రాసుకున్న క్రీము

మా ఎదురింటి సైన్సు టీచరుగారు పోయారు. మొన్న బుధవారం పొద్దున నేను కొట్టు షట్టరు ఎత్తుతుంటే వాళ్ళ కోడలు వచ్చి, "అత్తయ్యగారు నిద్దట్లోనే వెళ్ళిపోయేరండి" అని చెప్పింది. ఎనభై దాటిన మనిషి. మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. హాయిగా వెళ్ళిపోయారని అందరూ అంటున్నారు. నాకు మాత్రం అస్సలు హాయిగా లేదు.

నాది రాజోలులో ఫ్యాన్సీ షాపు. గాజులు, పౌడర్లు, షాంపూలు, క్రీములు అమ్ముతాను. టీచరుగారు రిటైరయ్యాక సాయంత్రం చర్చికి వెళ్తూ నా కొట్టులో ఓ పది నిమిషాలు కూర్చునేవారు. కూర్చున్నారంటే నా బేరం పోయినట్టే. సంచీలోంచి భూతద్దం తీసి, డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నదంతా పైకి చదివేవారు. "మల్లెపూల సబ్బంటున్నావు, ఇందులో మల్లెపువ్వు పేరెక్కడుందో చూపించమ్మా" అని కొనడానికి వచ్చినవాళ్ళ ముందే అడిగేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ మా చెల్లెలికి పాఠం చెప్పినావిడ, ఏమనగలను? "ఆయ్, చూస్తానండి" అని పళ్ళు ఇకిలించేదాన్ని.

"డబ్బా ముందువైపు అమ్మేవాడిది, వెనకవైపు మనది" అనేవారు ఆవిడ.

ఆ సంచీలో భూతద్దంతో పాటు తడిగుడ్డలో చుట్టిన అరిటాకు ముక్కలు కూడా ఉండేవి. అవి బజ్జీల కోసం. న్యూస్‌పేపర్లో పెట్టిస్తే ముట్టుకునేవారు కాదు. "నూనె తగిలితే ఆ సిరా బజ్జీకి అంటుకుంటుందయ్యా, ఇందులో పెట్టు" అని ఆకు చాపేవారు. "పేపరైతే తిన్నాక చదువుకోవచ్చు కదండి" అన్నాడు ఒకరోజు బజ్జీల బండాయన. "చదువుకుంటే సరే, తినడం దేనికి?" అన్నారు. నెల తిరిగేసరికి అతనే ఆకులు కట్టలుగా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. క్రిస్మస్‌కి మాకు కేకు పంపినప్పుడు పైనున్న ఎర్ర చెర్రీలన్నీ ఏరేసి మరీ పంపేవారు. "అవి చెర్రీలు కాదమ్మా, మన వాక్కాయలే. రంగులో ముంచి పేరు మార్చేరు" అని చెప్పేవారు. మా పిల్లలకేమో ఆ ఎర్రవే కావాలి. గుంటలు పడిన కేకు చూసి ప్రతి ఏడూ ఏడ్చేవాళ్ళు.

ఇంత చాదస్తమేంటని నేనూ నవ్వుకునేదాన్ని, కువైట్ క్రీము సంగతి బయటపడేదాకా.

మా తమ్ముడు కువైట్ నుంచి వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో సగం తెల్లబడే క్రీములే తెచ్చేవాడు. వాటి వెనక ఏం కలిపారో ఒక్క ముక్క రాసి ఉండేది కాదు. లోపల చిన్న కాగితం మాత్రం ఉండేది. రాసుకునేటప్పుడు నగలకు తగలనివ్వకూడదని అందులో ఉందని తమ్ముడు చదివి చెప్పాడు. అది నాకు భలే పనికొచ్చింది. "బంగారానికే తగలకూడదంటే ఎంత పవరో చూసుకోండి" అని చెప్పి అమ్మేదాన్ని. టీచరుగారి కంట పడకుండా బల్ల కింద సొరుగులో దాచేదాన్ని. నేనూ ఆరు నెలలు వాడాను. రోజూ పొద్దున ఉంగరం తీసి పసుపు భరిణెలో పెట్టి, సూత్రాలు జాగ్రత్తగా వెనక్కి వేసుకుని రాసుకునేదాన్ని. మొహం నిజంగానే తెల్లబడింది. నా మొహం చూసే అందరూ కొన్నారు.

ఒక సాయంత్రం టీచరుగారు నా పాదాలు చూసి, "అలా వాచేయేంటమ్మా?" అన్నారు. కొట్టులో నిలబడీ నిలబడీ అన్నాను. వంగి చీలమండ మీద బొటనవేలితో నొక్కారు. గుంట అలాగే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ఒకావిడ వచ్చి, "ఉంగరం తీసి రాసుకునే క్రీము ఇవ్వండి" అంది. నేను ఎంత కళ్ళెగరేసినా ఆవిడకు అర్థం కాలేదు.

"ఉంగరం ఎందుకు తియ్యాలి?" అన్నారు టీచరుగారు. ఇక దాచలేక అంతా చెప్పేశాను.

"మా బళ్ళో ఓసారి థర్మామీటరు పగిలింది. చేతికి పాదరసం అంటుకుని నా పెళ్ళి ఉంగరం తెల్లగా అయిపోయింది. బంగారానికి పడనిది అదే. ఇందులోనూ అదే ఉందని నా అనుమానం" అన్నారు. తర్వాత నా మొహం వైపు చూసి, "బంగారం తీసి జాగ్రత్తగా దాచుకున్నావు. మొహం తీసి దాచుకోవడం కుదరదు కదమ్మా" అన్నారు.

మర్నాడే ల్యాబుకి తీసుకెళ్ళారు. మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు. కాకినాడలో కిడ్నీ డాక్టరుగారు రక్తంలో పాదరసం ఉందని తేల్చి, క్రీము ఆపేయమన్నారు, ఇంకొన్నాళ్ళు వాడి ఉంటే కష్టమయ్యేదన్నారు. బస్సులో వస్తూ ఏడుస్తూనే ఉన్నాను. నా సంగతి సరే, నేను అమ్మినవాళ్ళ సంగతేంటి? చెబితే కొట్టు మూసుకోవాలి. చెప్పకపోతే ఎలా బతకాలి?

"గుర్తున్నవాళ్ళ పేర్లు చెప్పు, రాసుకుంటాను" అన్నారు టీచరుగారు, పక్క సీట్లోంచి.

వారం రోజులు నా స్కూటీ వెనక కూర్చుని ఇల్లిల్లూ తిరిగారు. మొదటి గుమ్మంలో ఆవిడే చెబుతారనుకుని వెనక్కి జరిగాను. "నువ్వే చెప్పాలి. అమ్మేటప్పుడు నోరు బానే ఉంది కదా" అన్నారు. చెప్పాను. తిట్టినవాళ్ళు తిట్టారు, కాఫీ ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. ఒక ఇంట్లో పదిహేను రోజుల్లో పెళ్ళి పెట్టుకున్న పిల్ల ట్యూబు ఇవ్వనని మొండికేసింది.

"పెళ్ళికొడుకు ఏ మొహం చూసి ఒప్పుకున్నాడమ్మా? క్రీము రాయకముందుదా, రాసేకా?"

"రాయకముందేనండి."

"మరింకేం" అని చెయ్యి చాపారు. ఆ పిల్ల నవ్వి ఇచ్చేసింది.

తెచ్చినవన్నీ కాలవలో పడేద్దామంటే ఒప్పుకోలేదు. "ఆ చేపలు తినేది మనమేగా" అని, గాజు సీసాలో బిగించి, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసే పాత స్టూడెంటుకి అప్పగించారు. అందరికీ పరీక్షలు చేయించారు. ఇంకో ఇద్దరికి కూడా ప్రోటీన్ పోతోందని తెలిసింది. ఇద్దరూ కోలుకున్నారు. నా వాపు తగ్గడానికి నెలలు పట్టింది, రంగు కూడా చామనచాయకు దిగింది. కొట్టు మూతపడలేదు. ఆవిడ వల్ల నా ప్రాణం దక్కింది, నలుగురికి మొహం చూపించుకునే ధైర్యమూ దక్కింది. ఈ మాట ఆవిడతో ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గురువారం సమాధుల దగ్గరికి ఆ క్రీము కొన్నవాళ్ళు చాలామంది వచ్చారు. నాలుగింటి ఎండ అందరి మొహాల మీదా పడుతోంది. ఎవరి రంగులో వాళ్ళున్నారు. పెట్టె మీద పెద్ద పూలచక్రం పెట్టారు, తెల్లటి పూల మధ్య అక్కడక్కడా ముదురు నీలం చామంతులు. పక్కనున్నావిడ నా చెవిలో, "టీచరుగారుంటే ఆ నీలం ఎక్కడిదని అడిగేవారండి" అంది. నేను ఆపుకోలేక నవ్వేశాను. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఏడుస్తున్నవాళ్ళే నవ్వుతూ ముందుకు వచ్చి, పాస్టరుగారు చూస్తుండగానే, నీలం పూలన్నీ ఒక్కొక్కటిగా ఏరేశారు. తెల్లపూలతోనే ఆవిడను దించారు. గుప్పెడు మట్టి వెయ్యడానికి అందరం చేతులు చాపాం. ఒక్కరి వేళ్ళు కూడా శుభ్రంగా లేవు, అన్నిటికీ ఆ నీలం రంగే.