పెద్ద సైజు మాస్కులు

రాయగడ బజారులో నా అంత బేరగాడు లేడు. దసమంతపూర్ దగ్గరి రాళ్ళ క్రషర్‌కు దుమ్ము మాస్కులు కావాలని కాంట్రాక్టరు అడిగితే, మగవాళ్ళ పెద్ద సైజు ఒక్కటే టోకున చవగ్గా కొట్టేశాను. అక్కడ పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళని తెలిసే కొన్నాను. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలివి ఉండదా!

ఆ క్రషర్ కూలి ఒకావిడ కొరాపుట్ బస్సులో నా పక్కన కూర్చుంది. దగ్గుతూ ఆస్పత్రికి వెళ్తోంది. ఆమె ఒళ్ళో నేనమ్మిన మాస్కే ఉంది.

"అది పెట్టుకుంటే దగ్గెందుకొస్తాదమ్మా?" అన్నాను, అమ్మింది నేనేనని చెప్పకుండా.

ఆమె మాస్కు బిగించుకుని, చెంప పక్కనుంచి రెండు వేళ్ళు లోపలికి దూర్చి ఆడించింది.

"ఏళ్ళే ఎల్లిపోతన్నాయి, దుమ్ముకి అడ్డమేటి బాబూ? సేఫ్టీ బాబు వచ్చేడు. అందరి మూతికీ మాస్కుంది, పెమాదం తక్కువని రాసుకుని ఎలిపోనాడు. దుమ్ము లాగే ఫేను పాడైపోనాది, బాగు సెయ్యండంటే, మాస్కులిచ్చేం కదా అంతన్నారు." కాసేపు దగ్గి నవ్వింది. "ఇయి కొన్నోడి పెళ్ళానికి మొకం ఎంతుంటాదో!"

నేనూ నవ్వాను.

తర్వాత కాంట్రాక్టరును చిన్న సైజులు తీసుకోమన్నాను.

"ఇప్పుడు మారిస్తే పాతవి పనిచెయ్యలేదని మనమే ఒప్పుకున్నట్టు కదా సావుకారూ. అప్పుడు ఫేను బాగు సెయ్యాల్సొస్తాది. నువ్వు సేయిస్తావేటి?" అన్నాడు.

మళ్ళీ పెద్దవే పంపాను. నిజాయితీగా లెక్క వేస్తే, ఆ బేరంలో తగ్గింది మాస్కు ధర ఒక్కటే. దుమ్ము ఎంత ఉండేదో అంతే ఉంది. ఆమె ఇంకా పనిలోకి వెళ్తుంటే, దాన్నే పీలుస్తోంది.