ఒకటి పాయింట్ ఎనిమిది

ప్రింటర్ నుంచి వేడిగా బయటికొచ్చే కాగితం వాసన తగిలితే నాకు ఇప్పటికీ పద్మక్క గుర్తొస్తుంది. ఫోరస్ రోడ్ పక్క గల్లీలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆవిడ పెద్ద టెక్నీషియన్. నేను అక్కడ కంప్యూటర్ పని చూసేదాన్ని. ఇద్దరివీ గదికో కుటుంబం ఉండే కామాఠీపురా చాల్‌లే, మా తాతలు కలిసి ఇటుకలు మోసినవాళ్లు. ఆ చనువుతోనే నాకు ఉద్యోగం ఇప్పించింది, ఆ చనువుతోనే తిట్టేది కూడా.

ఆవిడకు ప్రతిదీ తెలుసుకోవాలనే పిచ్చి. కొత్త మిషన్ వస్తే మూత తీసి లోపల చూస్తేగాని తోచేది కాదు. ఇంకో అలవాటు, రిపోర్టు తీసుకునేవాళ్లచేత దాన్ని పైకి చదివించడం. చదువురానివాళ్లయితే తనే చదివి, తిరిగి చెప్పమనేది. జనం ఎక్కువున్న పూట నాకిది శుద్ధ చాదస్తంగా కనిపించేది.

ఒక వానాకాలం రిపోర్టులు తయారుచేసే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అంకెల వరుస వంకరటింకరగా వస్తోందని నేనే తెలివి ఉపయోగించి, పెద్ద సంఖ్యలన్నీ సైంటిఫిక్ పద్ధతిలో పడేలా పెట్టాను. సున్నాలన్నీ పోయి, పాయింటు, పక్కన ఒక E, ఒక చిన్న అంకె. పేజీ ముచ్చటగా వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ మధ్యాహ్నం నర్సింలు అనే మేస్త్రీ తన బావమరిది యాదయ్య రిపోర్టు కోసం వచ్చాడు. యాదయ్య మహబూబ్‌నగర్ నుంచి పనికొచ్చిన కూలి, నాలుగు రోజులుగా జ్వరం, డెంగీ అని అనుమానం. పద్మక్క ఎప్పటిలాగే ప్లేట్‌లెట్లు ఎన్నో చదవమంది.

"ఒకటి పాయింట్ ఎనిమిది, అక్కా. లక్షన్నర దాటితే ఫికర్ లేదన్నడు డాక్టర్. సాయంత్రం బస్సుకు ఊరికి తోలుత," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ప్లేట్‌లెట్లను మనవాళ్లు లక్షల్లోనే చెప్పుకుంటారు. ఒకటిన్నర, రెండు అంటే చాలు, లక్షలని అందరికీ అర్థమవుతుంది. కానీ పద్మక్క నవ్వలేదు. పొద్దున ఆ రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూసింది తనే, ప్లేట్‌లెట్లు వెతికితేగాని కనబడలేదట. నా స్క్రీన్ దగ్గరికొచ్చి 1.8E+04 మీద వేలు పెట్టింది.

"పిల్లా, గీ E ఏంది? దాని ఎనక నాలుగేంది?"

పాయింటును కుడివైపు నాలుగు స్థానాలు జరపాలని చెప్పాను. చెబుతుండగానే నేను చేసిన పనేంటో నాకే అర్థమైంది. ఆవిడ వేలితో ఒక్కో స్థానం లెక్కపెట్టింది. లక్షా ఎనభై వేలు కాదు, పద్దెనిమిది వేలు.

నర్సింలు ఫోన్ కలవలేదు. రిపోర్టు మీది అడ్రసు పట్టుకుని ఇద్దరం వానలో పరుగెత్తాం. నర్సింలు ఉండే చాల్ మెట్లెక్కేసరికి యాదయ్య సంచి సర్దుకుని గడప మీద కూర్చుని, చిగుళ్ల నుంచి కారుతున్న రక్తాన్ని తువాలుతో అద్దుకుంటున్నాడు. ఇంకో గంటైతే బస్సెక్కేవాడు. టాక్సీలో పెద్దాసుపత్రికి చేర్చాం. వారం తర్వాత తన కాళ్ల మీద తనే నడిచి బయటికొచ్చాడు.

ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద నేను ఏడుస్తుంటే పద్మక్క తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. కాసేపటికి, సున్నాలను అలా ఎందుకు దాస్తారని అడిగింది. నక్షత్రాల దూరాల్లాంటివి కాగితం మీద పట్టవు కాబట్టి అన్నాను.

"లెక్క మంచిగనే ఉంది. చుక్కలకు పెట్టుకోరాదు? మనిషి నెత్తురుకెందుకు పెట్టినవ్?"

మర్నాడు నేను సున్నాలన్నీ వెనక్కి తెచ్చాక, కుర్చీ లాక్కుని కూర్చుని, సూర్యుడెంత దూరమో E పెట్టి రాయమంది. తర్వాత చంద్రుడు. తర్వాత మా గల్లీ నుంచి మహబూబ్‌నగర్. అన్నీ చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది.

ఆవిడ పోయి మూడేళ్లయింది. నేనిప్పుడు ఆసుపత్రుల కోసం రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో ఉన్నాను. కొత్త నమూనా ఏది తయారైనా మొదటి కాగితం వేడి ఆరకముందే మాకు టీ తెచ్చే శాంతాబాయి చేతిలో పెట్టి, పైకి చదవమంటాను. ఆఫీసులో నవ్వుతారు, నవ్వనీ. మొన్న శాంతాబాయి సగంలో ఆగి, ఒక అంకె పక్కన వేలు పెట్టి, ఈ E ఏమిటని మరాఠీలో అడిగింది.

"హే E కాయ్ ఆహే, తాయి?"

అచ్చం పద్మక్క అడిగినట్టే ఉంది. మా వాళ్లెవరో సున్నాలను మళ్లీ దాచేశారు. అప్పటికప్పుడు లేచి వెళ్లి, ఆ సాఫ్ట్‌వేర్ బయటికి పోకుండా ఆపించాను.