పెద్దనాన్న పెట్టిన పదును

మా పెద్దనాన్న పోయాడు. మణుగూరులో ఒక ఆఫీసు గదికి కొలతలు తీస్తుంటే మా అన్న, అంటే ఆయన కొడుకు, ఫోన్ చేశాడు. "నాయిన పొయ్యిండే చెల్లే. పొద్దుగాల చాయ తాగి పండుకున్నడు. మళ్ల లేవలే." టేపు చుట్టి సంచిలో వేసుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో నా తగాదా ఇంకా తేలలేదు.

పెద్దకర్మ నాడు చండ్రుగొండ దగ్గరి మా పల్లెలో, పందిరి కింద కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని పొగిడారు. "మెత్తటి మనిషి" అన్నారు. "ఎవ్వల్ని ఒక్క మాట అనకపోతుండె" అన్నారు. అన్నవాళ్లలో ఆయన తిట్లు తిననివాళ్లు ఒక్కరూ లేరు. ఆయనే బతికి ఉంటే, పందిరి గుంజలు వంకరగా పాతారని వాళ్లందర్నీ అన్నం ముందు నుంచి లేపి మళ్లీ పాతించేవాడు. వింటుంటే నాకు ఒళ్లు మండింది. మనిషిని ఎలాగూ కాల్చాం, ఆయన నోటిని కూడా కాల్చేయాలా? ఆ నోరు లేకపోతే ఆయన ఎవరో మీకు తెలియదు. అందుకే రాస్తున్నాను. ఇందులో పొగడ్త వెతక్కండి.

ఆయన వడ్రంగి. మొదట నాగళ్లు, బండ్లు చేశాడు, తర్వాత తలుపులు, కిటికీలు. అవి కూడా రెడీమేడ్ రావడం మొదలయ్యాక ఆఫీసులకు చెక్క చట్రాలు. నోట్లో ఎప్పుడూ వెలిగించని చుట్ట ఉండేది. మనుషుల్నే కాదు, చెక్కను కూడా తిట్టేవాడు. ఉలికి ముడి తగిలితే "నీ అయ్య ఏ గుట్ట మీద పుట్టిండే" అని దాని వంశమంతా తవ్వేవాడు. పని దగ్గర ఎవరైనా కబుర్లు పెడితే, "మేకుకు చెవులుంటయ్. మీ మాటలింటే అది గూడ వంకర పోతది" అనేవాడు. ఎవరి పనినైనా బాగుందని ఆయన అనగా నేను వినలేదు. బాగుంటే నోరు మూసుకునేవాడు. ఆయన మౌనమే బహుమానమని మా అన్న అంటాడు. నాకైతే ఆ బహుమానం కూడా అందలేదు.

మా ఇంట్లో బడికి వెళ్లి చదువుకున్న మొదటిదాన్ని నేను. పాలిటెక్నిక్‌లో సివిల్ సీటు వచ్చినప్పుడు మా నాన్న బెల్లం పట్టుకుని అన్నగారింటికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. ఆయన బెల్లం నోట్లో వేసుకుని చప్పరించాడు. "ఇల్లు కట్టుడు కాయితం మీద నేర్పుతరా? మంచిగనే ఉన్నది. వాన గూడ కాయితం మీదనే పడ్తదేమో." ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. "చదువుకున్నది వచ్చిందా? చదువుకున్నదానికి నీళ్లియ్యుండ్రి." ఎదురుగా నిలబడి ఉన్నా అంతే.

చదువయ్యాక మణుగూరులో ఒక కాంట్రాక్టర్ దగ్గర చేరాను. గదుల మధ్య జిప్సం బోర్డు గోడలు వేసే పని. బోర్డు అంటే రెండు వైపులా దళసరి కాగితం, మధ్యలో గట్టిపడిన తెల్లటి పిండి. పట్నంలో ఇనప చట్రానికి మిషన్‌తో స్క్రూలు బిగిస్తారు. మా కాంట్రాక్టర్‌కు ఇప్పటికీ చెక్క చట్రమే, మేకులే. భద్రాచలంలో ఒక ఆడపిల్లల హాస్టల్ రెండో అంతస్తులో గోడల పని నాకు అప్పజెప్పారు. అది సరిగ్గా చేస్తే సూపర్‌వైజర్‌ని, లేకపోతే మళ్లీ ఆఫీసులో కుర్చీ, బిల్లులు. కాంట్రాక్టర్ దగ్గరి మేనేజర్ ఆ మాట మొహం మీదే చెప్పాడు. అప్పటిదాకా మా దగ్గర ఆడమనిషి సైటు నడపలేదు. నేను ఓడిపోతే ఇంకో పదేళ్లు ఏ ఆడమనిషినీ నడపనివ్వరని నాకు తెలుసు.

చట్రాల పనికి కాంట్రాక్టర్ పిలిచింది మా పెద్దనాన్న ముఠానే. మా అన్న కూడా అందులోనే.

ఆయన మెట్లెక్కి వచ్చి, గోడకు ఆనించిన బోర్డును గోటితో గీకి చూశాడు. "ఇది గోడనా? అప్పడం. గోదారొస్తే అంబలైతది."

"గోదారి రెండో అంతస్తు దాక రాదు పెద్దనాయినా."

"నిన్నడిగి వస్తదా?"

ముఠా అంతా నవ్వింది. ఆ నవ్వు రోజూ ఉండేది. నేను కొలత చెబితే, "చదువుకున్నది చెప్తున్నది, ఇనుండ్రి" అని, తన కొలతే వేసేవాడు. చట్రం పూర్తయ్యాక బోర్డులు కొట్టడం మొదలుపెట్టారు. నాటు కట్టెలోకి మేకులు దింపే బరువైన సుత్తి ఆయనది, మొహం చదునుగా ఉంటుంది. జిప్సం బోర్డుకు అది పనికిరాదు. మేకు తల కొంచెం లోపలికి దిగాలి, చుట్టూ గిన్నెలా చిన్న గుంట పడాలి, కాగితం మాత్రం చిరగకూడదు. బోర్డును పట్టి ఉంచేది ఆ కాగితమే. ఆయన సుత్తి అంచు తగిలిన చోటల్లా కాగితం తెగి, లోపలి పిండి రాలింది.

"మెల్లగ కొట్టుండ్రి పెద్దనాయినా."

"సుత్తికి మెల్లగ కొట్టుడు తెల్వదు. నువ్ చదువు చెప్పు దానికి."

మేనేజర్ వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి నెట్టాడు. మేకులు చట్రంలోనే ఉన్నాయి, బోర్డు ఊడి ముందుకు వాలింది. "ఏందమ్మా ఇది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దనాన్న అందుకున్నాడు: "నాకేమెరుక సార్. సైటు ఆమెది, ఆమెనే అడుగుండ్రి." మేనేజర్ సోమవారం మళ్లీ వస్తానని, ఇలాగే ఉంటే వేరే మనిషిని పంపుతానని చెప్పి వెళ్లాడు. సొంత పెద్దనాన్న, నలుగురి ముందు నన్ను అలా వదిలేశాడు. ఇది మర్చిపోమని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మర్చిపోను.

మర్నాడు పొద్దున్నే విరిగిన బోర్డు ముక్కను, గుప్పెడు మేకులను సంచిలో వేసుకుని ఖమ్మం బస్సెక్కాను. పెద్ద ఇనప సామాన్ల దుకాణంలో జిప్సం బోర్డు సుత్తి కావాలంటే ఉన్న సుత్తులన్నీ బల్ల మీద పరిచారు. నేను ముక్క తీసి నేల మీద పెట్టి ఒక్కొక్కదానితో మేకు కొట్టి చూడడం మొదలుపెట్టాను. యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. కళ్లజోడు పైకి తోసి అరిచాడు.

"ఏంటమ్మాయ్, కొనకుండానే కొట్టేస్తున్నావ్?"

"చీర కొనేముందు భుజమ్మీద వేసుకుని చూడరా అండీ?"

"చీరకి ఇంత చప్పుడు రాదు కదమ్మా!"

మేకులు పీకే కొమ్ముల సుత్తి కాగితాన్ని చింపింది. మెకానిక్కుల గుండు సుత్తి బోర్డునే పగలగొట్టింది. చివరికి ఆయన లోపలి నుంచి దుమ్ము పట్టిన ఒకదాన్ని తెచ్చి నా ముందు పడేశాడు. "పట్నం నించి వచ్చింది. అటు గొడ్డలీ కాదు, ఇటు సుత్తీ కాదు. ఎవడూ కొనడు. దీన్ని కూడా కొట్టేయ్."

నాకు కావలసింది అదే. బరువు తక్కువ. మొహం చదునుగా కాకుండా కొంచెం ఉబ్బి ఉంది, అందుకే అంచు కాగితానికి తగలదు, గుంట గుండ్రంగా పడుతుంది. ఆ ఉబ్బు మీద సన్నటి గళ్లున్నాయి, మేకు జారదు, గుంటలో పుట్టీ పట్టుకుంటుంది. తల కొంచెం వాలి ఉండడం వల్ల పిడికిలి గోడకు రాసుకోదు. రెండో వైపు గొడ్డలి రెక్కలా ఉంటుంది కానీ కావాలనే మొద్దుగా చేస్తారు. బోర్డు అడుగున దూర్చి పైకి ఎత్తడానికే అది. మేకు కొట్టి, వేలితో తడిమాను. కాగితం నున్నగా లోపలికి వంగి ఉంది. ఎక్కడా చిరగలేదు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

సైటులో పెద్దనాన్న దాన్ని చూసి చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. "ఇదేందే? గొడ్డలికీ సుత్తికీ పుట్టిందా?" ముఠా మళ్లీ నవ్వింది. ఆయన దాన్ని తీసుకుని రెక్క మీద బొటనవేలు నడిపాడు.

"పదును లేదు."

"ఉండొద్దు పెద్దనాయినా. అది నరికేటిది కాదు, ఎత్తేటిది."

"ఇనుము పట్టుకుని పదునొద్దంటది. పిచ్చిది."

కొత్త బోర్డులు దించడానికి కిందికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి సుత్తి నా సంచి మీద ఉంది. రెక్క తళతళ మెరుస్తోంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని సానరాయి కడుక్కుంటున్నాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. అడవి అంచున మాకు గొడ్డలి లేని ఇల్లు ఉండదు. కొత్త గొడ్డలైనా, కర్ర చెక్కే బాడిసైనా పనిలోకి దిగేముందు మొదటి పదును ఇంటి పెద్ద పెడతాడు. పెట్టి, ఆ పని చేయబోయేవాడికి ఇస్తాడు. మా అన్నకు అలాగే ఇచ్చాడు. ఆడవాళ్ల కొడవళ్లకు, కత్తిపీటలకు ఈ మర్యాద లేదు. వాటిని వీధిలోకి వచ్చే సానవాడికే ఇచ్చేవాళ్లు. కాబట్టి ఆయన ఏం చేశాడో నాకు చూడగానే అర్థమైంది. తిట్టి, నవ్వించి, నలుగురిలో పరువు తీసి, చివరికి తనకు తోచిన ఘడియలో నన్ను పనివాళ్ల లెక్కలో చేర్చాడు. నేను అడిగిన సాయం అది కాదు. అందుకోసం నా పనిముట్టును పాడుచేశాడు.

అయినా ఒక మేకు కొట్టి చూశాను. చెయ్యి వెనక్కి లేపినప్పుడు ఆ పదును నా నుదుటి పక్క నుంచి పోయింది. రెక్కను బోర్డు అడుగున దూర్చి ఎత్తబోతే కాగితం బ్లేడుతో కోసినట్టు నిలువునా తెగింది.

"ఎవరు పెట్టమన్నరు నిన్ను? పదునొద్దని చెప్పలేదా?"

"మొద్దు ఇనుముతోని పని చేస్తె ఇంటికి అరిష్టం."

"ఇది నీ అడవి కాదు పెద్దనాయినా. నా సైటు."

ముఠాలో ఎవరూ నవ్వలేదు. బాల్కనీలో కూర్చుని ఆ రెక్కను రాతి గట్టుకు అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాను. మెరుపు పోయి, అంచు పోయి, మళ్లీ మొద్దుగా అయ్యేదాకా రుద్దాను. ఇంటి పెద్ద పెట్టిన మొదటి పదును ఆయన కళ్ల ముందే అరగదీయడం అంటే, నువ్వు నాకు ఏమీ కావు అనడమే. తెలిసే చేశాను. ఈ రోజు అడిగినా చేస్తాను. ఆయన నా చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఉలులు, బాడిస ఒక్కొక్కటే తుడిచి గోనెసంచిలో వేసుకున్నాడు. "రాండ్రా. చదువుకున్నది చేసుకుంటది." అందరూ ఆయన వెనకే మెట్లు దిగారు. మా అన్న కూడా.

బోర్డు ఒక్కరివల్ల నిలబడదు. హాస్టల్ వంటమ్మ వచ్చి భుజం ఆనించింది. "నా ఏళ్ల మీద కొట్టకు తల్లీ, రేపు పొద్దుగాల ఉప్మా కలపాలె" అంటూనే చివరిదాకా పట్టుకుంది. సోమవారం మేనేజర్ వచ్చి నెట్టాడు, తట్టాడు, వేళ్లతో తడిమాడు. గోడ కదల్లేదు. నేను సూపర్‌వైజర్‌నయ్యాను.

ఆయన ఋణం ఒకటి చెప్పకపోతే నేనూ ఆ పందిరి కింది వాళ్లలాగే అబద్ధమాడినట్టు. ఆ చట్రం ఆయనది. నా మాట వినకుండా, తన కొలత పెట్టి, ప్రతి గుంజనూ తిడుతూ నిలబెట్టింది. ఒక్క గుంజ కూడా వంకర లేదు. నేను కొట్టిన ఏ మేకూ గాలిలోకి పోలేదు, అన్నీ ఆయన చెక్కలోకే దిగాయి.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో నేను కూర్చున్న బంతిలో కూర్చునేవాడు కాదు. నేనూ బతిమాలలేదు. మా అమ్మ మధ్యలో నలిగిపోయింది.

ఈ వానాకాలం ఆయనకు ఆయాసం వచ్చి భద్రాచలంలో ఒక దవాఖానాలో చేర్చారు. అమ్మ పోరు పడలేక వెళ్లాను. ఆయన మంచం గోడ పక్కన ఉంది. అది జిప్సం బోర్డు గోడ, ఎవరో హడావిడిగా వేసింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నా వైపు చూడలేదు. చెయ్యి ఎత్తి, తల పక్కన గోడలో ఒక మేకు గుంటను చూపించాడు. దాని చుట్టూ కాగితం నెలవంకలా చిరిగి, రంగు కింద నుంచి పైకి లేచింది.

"నీ పనేనా?"

"కాదు."

"అట్లనే అనుకున్న."

అంతే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంకేమన్నా అంటాడేమోనని కూర్చున్నాను. నర్సు వచ్చి సూదిమందు ఇచ్చి వెళ్లింది. కిటికీ అవతల బస్టాండు వైపు పోయే బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆయన చూపుడు వేలు ఆ చిరిగిన కాగితం మీదే ఉంది. దాన్ని నొక్కి అంటించాలని చూస్తున్నాడు. వేలు తీస్తే లేస్తోంది. మళ్లీ నొక్కుతున్నాడు.