గడువు దాటిన చేప

నిన్న ఏలూరు నుంచి కైకలూరు బస్సులో వెళ్తుంటే, ఎండగట్టిన చెరువు బురద వాసన కిటికీలోంచి వచ్చింది. పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం కరుణ గుర్తొచ్చింది.

నేను ఏలూరులో సివిల్ ప్లీడరును. డెబ్బై దాటినా, దస్తావేజులో తేదీ గాని విస్తీర్ణం గాని తప్పుంటే నా కన్ను అక్కడే ఆగుతుంది. కరుణ నా దగ్గర జూనియరుగా చేరిన దెందులూరు అమ్మాయి. తండ్రి మిషన్ బడిలో టీచరు. తాడేపల్లిగూడెం దగ్గర, ఆ చుట్టుపక్కల తప్ప ఎవరూ పేరు వినని కాలేజీలో లా చదివింది. మనసంతా హైదరాబాదులోని పెద్ద లా ఫర్ముల మీద. దరఖాస్తులు పంపేది, జవాబు వచ్చేది కాదు. "కాలేజీ పేరు దగ్గరే చదవడం ఆపేస్తున్నారండీ మేడం," అంది ఒకరోజు, ఏదో కొత్త సంగతి కనిపెట్టినదానిలా. "ఆ కింద ఉన్నది ఎలా చదివించాలా అని చూస్తున్నాను."

ఆ రోజుల్లోనే ఒక చేపల చెరువు తగవు వచ్చింది. మా పార్టీ చెరువు యజమాని. లీజు గడువు మార్చి ఆఖరుతో అయిపోయింది, చేప ఇంకా నీళ్లలోనే ఉంది. ఖాళీ చెయ్యమని నోటీసు ఇద్దామన్నాను. కరుణ ముందు చెరువు చూద్దామని పట్టుబట్టింది. గట్టు మీద కౌలుదారు రాజుగారు, "ఈ ఏడు చేపపిల్ల ఆలస్యంగా వేశామండీ, ఇంకో నెలకి గాని తూకానికి రాదు," అన్నారు.

"పోయినేడు ఏం చేశారండీ?" అని అడిగింది కరుణ.

"చేపల పట్టుబడి అయ్యాకే చెరువు అప్పగించామండీ. ఇక్కడంతా అంతే."

పక్కనున్న యజమాని కాదనలేదు. "కాగితంలో ఆ మాట లేదు కదా," అన్నాను.

"కాగితం రాసింది మీరే కదండీ," అన్నారు రాజుగారు నెమ్మదిగా.

అక్కడే ఇద్దరూ నెల రోజులకు ఒప్పుకున్నారు. కరుణ ఆ సంగతి మీద రెండు పేజీలు రాసి, ఎవరి పేర్లూ లేకుండా, తర్వాతి దరఖాస్తుకు జతచేసింది. కాలేజీ పేరు మాత్రం మొదటి వరసలోనే ఉంచింది.

"కాస్త కిందకి జరపవే," అన్నాను.

"వద్దండీ. ఆ కాలేజీలో సగం మంది ఇళ్లలో చెరువు గొడవలే. అడగడం అక్కడే అలవాటైంది."

ఒక ఫర్ము పిలిచింది. ఇంటర్వ్యూలో, కాగితంలో లేని ఆచారం ఎలా తెలుసుకుంటావని అడిగారట. రాజుగారిని అడిగిన ప్రశ్నే చెప్పిందట. బయటికి రాగానే ఫోన్ చేసింది. "మూడు నెలలు పని చూస్తారంటండీ."

"తర్వాత?"

"గడువు రాశారు గాని, తర్వాతేంటో రాయలేదండీ. నేనే అడిగాను," అని నవ్వింది. మూడు నెలలయ్యాక అక్కడే ఉంచుకున్నారు.

ఇప్పటికీ లీజు రాస్తూ గడువు తేదీ వేశాక కలం ఆపుతాను. ఎదురుగా కూర్చున్నవాళ్లు సంతకం ఎక్కడా అన్నట్టు చూస్తారు. నేను కళ్లద్దాలు తీసి అడుగుతాను, "పోయినేడు ఏం చేశారండీ?"