ఎండ తిన్న బొంగరాలు

మా ఊరి చెత్త షెడ్డులో ఈ మధ్య ఒక కొత్త మిషను పెట్టారు. ఒక నోట్లో విరిగిన బకెట్లూ కుర్చీలూ వేస్తే నమిలి, కాచి, రెండో నోట్లోంచి సేమ్యాల్లాగా తీగలు వదులుతుంది. ఆ తీగలు నీళ్లలో చల్లారి గింజలవుతాయి. నాతో పాటు అక్కడ చెత్త ఏరే ఆడవాళ్లంతా ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం మెడ చాచి మరీ పీలుస్తాను. అది ముక్కుకు తగిలిందంటే చాలు, మొగుడు పోయి, మోకాళ్లు పట్టేసిన ఈ ముసల్ది ఎటు పోతుందో ఏమో, పావడా ఎగ్గట్టి ఇసకలో పరిగెత్తే పిల్ల ఒకతి లేచి నిలబడుతుంది.

మాది అల్లూరుకు తూర్పున సముద్రాన్ని ఆనుకున్న పాళెం. తాటాకు ఇళ్లు, ఇళ్ల ముందు ఆరేసిన వలలు, ఎండుచేపల వాసన, ఎటు చూసినా పిల్లలు. నాయన పడవ మీద పోయేవాడు. ఒక వానాకాలం అల పడవను తిప్పికొట్టి ఆయన కుడి భుజాన్ని నలగ్గొట్టింది. దెబ్బ మానింది గానీ ఆ చెయ్యి ఇక వల లాగడానికి పనికిరాలేదు. మద్రాసులో ప్లాస్టిక్ సామాన్లు చేసే చోట పనిచేసే మా పెదనాయన, అక్కడ మూలన పడేసిన ఒక చేతి మిషనును బస్సు మీద వేయించి తెచ్చి ఇచ్చాడు. "దీంతో బొంగరాలు పోసుకోరా. మన తిరునాళ్లలో అమ్ముడుపోతే సరే. పోకుంటే నా ఎంబడి వచ్చెయ్, వాచ్‌మెన్ పని చూస్తా. పెళ్లాం బిడ్డలు ఈడే ఉంటారు" అన్నాడు. నేను పోయి నాయన పంచె అంచు పట్టుకున్నాను. నాయన ఊళ్లో లేని ఇల్లు ఎట్లా ఉంటుందో పక్కింట్లో రోజూ చూస్తున్నదాన్ని మరి.

ఆ మిషనును చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. బొగ్గుల మీద కాగే ఇనుప గొట్టం, దాని కింద రెండు చెక్కలుగా విడిపోయే అచ్చు, పైన నా కంటే పొడుగు పిడి. గొట్టంలో వేసిన ప్లాస్టిక్ ముక్కలు కరిగి పాకమయ్యాక పిడిని కిందికి లాగాలి. నాయన భుజానికి ఆ బలం ఎక్కడిది? అందుకని అమ్మ ఒక పక్క, నేను ఒక పక్క పిడికి వేలాడేవాళ్లం. నా కాళ్లు నేల వదిలి గాల్లో ఊగుతుంటే నాయన "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ నవ్వేవాడు. అచ్చు విప్పితే ఎర్రటి బొంగరం, మేకుతో సహా, వేడివేడిగా. నిన్నటిదాకా నీళ్లు తాగి, పగిలితే పక్కన పెట్టిన మా ప్లాస్టిక్ చెంబే అది. తాడు చుట్టి విసిరితే గుయ్యిమని తిరుగుతుంటే నా ఒళ్లంతా పులకరించింది.

ముసురు వెలిసి, తిరునాళ్ల దగ్గర పడింది. గంగమ్మ గుడి ముందు పందిళ్లు లేస్తున్నాయి, బొరుగులు వేయించే వాసన, బెల్లంపాకం వాసన అప్పుడే వీధుల్లోకి వచ్చేస్తున్నాయి. బొంగరాలు ఇంకా బోలెడు కావాలి. పిల్లలమంతా గోతాలు పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తాం. అలలు ఎప్పటెప్పటివో తెచ్చి పోసిన డబ్బాలు, మూతలు, తెగిన చెప్పులు, పగిలిన తొట్లు ఇసకలో పరుచుకుని ఉన్నాయి. అందులోనూ తెల్లగా సున్నం కొట్టినట్టున్న ముక్కల్నే ఏరాం. సముద్రం ఉతికి, ఎండ ఆరబెట్టి ఇచ్చిన సొమ్మని మా సంబరం. నాయన కూడా గోతాలు చూసి మురిసిపోయాడు. రెండు రోజులు పిడికి వేలాడీ వేలాడీ నా అరిచేతులు బొబ్బలెక్కాయి. గంప నిండింది.

మా వీధిలో బొంగరాల మొనగాడు మస్తాను. గుండ్రంగా గీత గీసి, నడుమ మా కొత్త బొంగరం పెట్టి, వాడి బొంగరం మేకుతో ఒక్క పోటు పొడిచాడు. మాది మూడు ముక్కలైంది. ఇంకొకటి పెట్టాం. అదీ అంతే. "ఏందిమే, మీ నాయన బొంగరాలు చేసినాడా, అప్పడాలు చేసినాడా?" అన్నాడు వాడు. పిల్లలంతా విరగబడి నవ్వారు.

నాయన పగిలినవాటిని మళ్లీ కాచి పోశాడు. రంగు మాడిన బెల్లంలాగా తిరిగింది, చేతిలోంచి జారితేనే చిట్లింది. మూడోసారి కాస్తే గోటితో గీరినా పొడి రాలింది. కాచిన ప్రతిసారీ దానిలోని జీవం కొంచెం కొంచెం పోతున్నది. ఆ సాయంత్రం అమ్మ నాయన చొక్కాలు మడిచి మూట కట్టింది. నేను దాని పక్కనే కూర్చున్నాను, ఎవరన్నా ఎత్తుకుపోతారన్నట్టు.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మా అవ్వ, నాయన తల్లి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఒరే, పడవ మింద ఎండలో పడుండే తాడు నమ్ముకోని సముద్రంలోకి పోతావంట్రా నువ్వు?"

"పోనుమా. లాగితే పుటుక్కుమంటాది."

"ఎందుకని?"

"ఎండ తినేసుంటాది కదా."

"మరి ఈ ముక్కల్ని ఎండ ముద్దు పెట్టుకోని ఒదిలేసిందా? తెల్లంగా ఉండాయని ఎత్తుకొస్తిరి."

నాయన ఆమె వంక చూశాడు, గంప వంక చూశాడు. తర్వాత తన భుజం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పుట్టినప్పటి నుంచీ తాళ్లతో బతికిన ఇల్లు మాది. తాడు విషయంలో తెలిసింది డబ్బా విషయంలో తోచలేదు.

ఇక చూడండి మా పరుగులు. ఇంటింటికీ పోయి, అటక మీదా మంచాల కిందా నీడపట్టున పడి ఉన్న విరిగిన మగ్గులూ పగిలిన బకెట్లూ అడిగి తెచ్చాం. "పెద్దమ్మా, నీ బకెట్టుకు ఇంకో జన్మ ఇస్తాం" అంటే "ముందు నా మోకాళ్లకియ్యండే" అని నవ్వేది ఒకామె. తెచ్చినవన్నీ కోసి నీళ్ల తొట్లో వేశాం. తేలేవి ఒక పక్క, మునిగేవి ఒక పక్క. అంతకు ముందు అన్నీ కలిపి పోసి చూస్తే బొంగరం ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఊడింది, అందుకని జాతికి జాతి వేరు చేశాం. మిషనుతో పాటు పెదనాయన ఇచ్చిపోయిన కొత్త ప్లాస్టిక్ గింజలు చిన్న సంచిలో ఉంటే, పాలకు తోడు వేసినట్టు కాచిన ప్రతిసారీ గుప్పెడు కలిపింది అమ్మ.

మస్తానును మళ్లీ పిలిచాం. పొడిచాడు. మేకు గుర్తు పడింది, అంతే. వాడు గుడ్లురిమి, రొప్పుతూ, పొడిచిందే పొడిచి చివరికి తన బొంగరం పక్కన పెట్టి మాది కావాలన్నాడు. తిరునాళ్లలో మొదట అరిచి అమ్మిపెట్టింది వాడే. గంగమ్మ ఊరేగింపు మా వీధికి రాకముందే గంప ఖాళీ అయింది. తిరునాళ్లకు వచ్చిన పెదనాయన ఒంటరిగా మద్రాసు బస్సెక్కాడు. ఇంటికి వచ్చి అమ్మ మూట విప్పి చొక్కాలు దండెం మీద వేసింది.

ఇప్పుడు బొంగరం ఆడే పిల్లలు లేరు, ఆడటానికి మట్టి వీధులూ లేవు. మేము పరిగెత్తిన ఒడ్డులో సగం రొయ్యల గుంటలు, వాటి చుట్టూ కంచెలు. మొన్న మనవరాలిని తీసుకుని మిగిలిన ఒడ్డుకు పోయాను. ఏరుదామంటే ముక్కలు లేవు. ఎండ నమిలి నమిలి ఇసక రేణువంత చేసేసింది. నీలం, తెలుపు, ఆకుపచ్చ నలుసులు గుప్పెట్లోంచి ఇసకతో పాటే జారిపోయాయి. "దీన్ని ఏరేదెట్టా అవ్వా?" అంది పిల్ల.

పాళెంలో మగవాళ్లు చాలామంది చెన్నై పనులకు పోయారు. సాయంత్రాలు వీధిలో ఆడవాళ్ల మాటలూ ఫోన్ల మోతలే. పిల్లలు ఫోన్లలోనే తండ్రుల ముఖాలు చూసుకుంటారు. మా నాయన మాత్రం చివరిదాకా మా ఇంట్లోనే ఉన్నాడు, పిలిస్తే పలికేంత దూరంలో.