అవ్వ చేసిన డబ్బింగు

నిన్న టీవీలో పాత సంస్కృత భక్తి సినిమా ఒకటి దొరికింది. "డబ్బింగా, సబ్‌టైటిల్సా, మా?" అంది మా అమ్మాయి. నాకు డర్బన్ దగ్గర మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో, చెరకుతోట కూలీల వరస ఇళ్లలోని మా బారక్ గది, అందులో కర్పూరం వాసన గుర్తొచ్చాయి.

తెల్లవాళ్ల పాలన పోయి మన పెద్దవాళ్లు మొదటిసారి ఓటేసిన ఏడాది అది. నాన్న డర్బన్ నుంచి ఇదే సినిమా వీడియో క్యాసెట్ తెచ్చారు. మీ ఇళ్లలోనూ ఇంతేనా? దేవుడు తెరమీదికి రాగానే అవ్వ టీవీ ముందు దీపం పెట్టి, బంతిపూలు పోసింది. కింది ఇంగ్లీషు అక్షరాలన్నీ పూల వెనక్కి పోయాయి.

"పూలు తియ్ అవ్వా, చదవాలి!" అని మా అన్న గోల.

"దేవుడి ముందు పూలు తీస్తార్రా? నోరు ముయ్యి!"

అవ్వకీ సంస్కృతం రాదు. అయినా కథంతా ఆవిడే చెప్పింది. దేవుణ్ణి చూసి ఆయన తల్లి కళ్లనీళ్లతో ఏదో అంది.

"ఏమంటంది, అవ్వా?" అన్నాను నేను.

"బువ్వ తిన్నావా, నా బిడ్డా, అంటంది."

నిన్న ఆ ఘట్టానికి పూలు అడ్డం లేవు. "లోకాలన్నీ నీలోనే ఉన్నాయి" అంటోందట ఆ తల్లి. ఇన్నేళ్లకు చదివాను.

ఫోన్‌లోంచి తలెత్తింది మా అమ్మాయి. "వాట్ డిడ్ షి సే, మా?"

"బువ్వ తిన్నావా, అంటంది" అన్నాను.