బొండం కేసులో నా దర్యాప్తు

2003 జూన్‌లో అమలాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాను. అంతకుముందు అక్కడ ఆ ఉద్యోగమే లేదు కాబట్టి నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచలేదు. డాక్టర్ల గదుల వరసలో కూర్చోవడానికి నేను డాక్టరును కాను, నర్సుల గదిలో కూర్చోవడానికి నర్సునూ కాను. చివరికి క్యాంటీన్ స్టోరు పక్కన, బియ్యం బస్తాలకు ఎదురుగా బల్ల వేయించారు. హోదాలో హెడ్ నర్సుకు కింద, వంట మేస్త్రికి పైన. ఆ రెండో సంగతి వంట మేస్త్రి ఎన్నడూ ఒప్పుకోలేదు.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. రోగికి ఉన్న జబ్బులను డాక్టరు కేసు షీటులో రాస్తారు. వాటికి తగ్గట్టు ఏం తినాలో, ఎంత తినాలో నేను చార్టు రాసిస్తాను. జబ్బు ఒకటే అయితే చార్టు పది నిమిషాల పని. మూడు నాలుగు ఉన్నప్పుడే చిక్కు. ఒక జబ్బుకు మంచి చేసేది పక్క జబ్బుకు చెడు చేస్తుంది.

చేరిన రెండు నెలలకు వెంకటరత్నం గారు వచ్చారు. పి.గన్నవరం దగ్గర కొబ్బరి, అరటి తోటలున్న రైతు. అరవై రెండేళ్ళు ఉంటాయి. సుగరు, బీపీ చాలాకాలంగా ఉన్నాయి. కాలి బొటనవేలు వాచిపోయే గౌటు మధ్యలో వచ్చి చేరింది. ఇప్పుడు కిడ్నీల పనితనం సగానికి పైగా తగ్గిందని తేలింది. ఆయన వెనకే భార్య సుభద్రమ్మ గారు చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చారు. అందులోంచి ఆయన నాలుగు కాగితాలు తీసి నా బల్ల మీద వరసగా పరిచారు. నలుగురు డాక్టర్లు వేర్వేరు సమయాల్లో రాసిచ్చిన పథ్యాలు అవి. చాలా మాటల మీద ఎర్ర సిరాతో గీతలు ఉన్నాయి.

"సుగరు డాక్టరు గారు అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర తినమన్నారండి. కిడ్నీ డాక్టరు గారు ఆ రెండూ కొట్టేసేరండి. గుండె డాక్టరు గారు పళ్ళు తినమన్నారు, వాటిని సుగరాయన సగం, కిడ్నీ ఆయన సగం పట్టుకుపోయేరండి. చేపలూ రొయ్యలూ బొటనవేలు ఖాతాలో పోయేయండి. అన్నీ కొట్టేయగా మిగిలింది ఈ నాలుగు కాగితాలేనండి అమ్మాయి గారూ. ఉడకబెట్టుకు తినాలా, పచ్చివే నమలాలా, అది చెప్పండి చాలు," అన్నారు ఆయన.

ముఖంలో నవ్వు లేదు. కళ్ళలో మాత్రం ఉంది.

రెండు గంటలు కూర్చుని నాలుగు కాగితాలనూ ఒకే చార్టు చేశాను. వాళ్ళింటి గ్లాసుతోనే అన్నం కొలత. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ. ఏ కూరగాయనైనా ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. అలా చేస్తే వాటిలోని పొటాషియం కొంత పోతుంది. పప్పు పలచగా, రోజుకొకసారి. కోడిగుడ్డు తెల్లసొన. కొబ్బరినీళ్ళు, అరటిపండు బొత్తిగా వద్దు. ఉప్పు తగ్గించాలి. ఆయన చార్టు చదివి, "నా తోటలో పండేవి తప్ప అన్నీ రాసేరండి," అని మడిచి జేబులో పెట్టుకున్నారు.

రెండు నెలలు అంతా బాగానే నడిచింది. కాళ్ళ వాపు తగ్గింది, సుగరు అదుపులోకి వచ్చింది. మూడో నెల రక్తపరీక్షలో పొటాషియం ఆరు దాటింది. అది ఐదు దాటితేనే మేము జాగ్రత్తపడతాం. మంచి కిడ్నీలు ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి, దెబ్బతిన్నవి పంపలేవు. రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఏ నొప్పీ లేకుండా ఆగిపోనూ వచ్చు. వారానికోసారి కాకినాడ నుంచి వచ్చే కిడ్నీ డాక్టరు ఆ రోజు ఉండటం అదృష్టం. వెంటనే ఈసీజీ తీయించి, వార్డులో చేర్చుకుని, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. తర్వాత నన్ను పిలిచి, ఆయన ఏం తింటున్నారో కనుక్కోమన్నారు.

కనుక్కోవలసింది ఏముంది అనుకున్నాను. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లున్న మనిషి.

"బొండాలు తాగుతున్నారా?" అని అడిగాను.

"లేదండి."

"ఒక్కటైనా?"

"ఆయ్, చూసేనండి. చూస్తే కూడా ఎక్కుద్దాండి?"

ఆ జవాబుతో నా అనుమానం గట్టిపడింది. మర్నాడు ఉదయం రౌండుకు వెళ్ళేసరికి ఆయన మంచం కింద ఖాళీ బొండం కనిపించింది. నేను దాన్ని చూడటం ఆయన చూశారు. దుప్పటి మెడదాకా లాక్కుని, ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నారు. నేను ఏమీ అడగలేదు. నేరుగా కేసు షీటు తీసి, మంచం కింద కొబ్బరిబొండం దొరికిందనీ, రోగి పథ్యం పాటించడం లేదనీ రాసి సంతకం చేశాను. మధ్యాహ్నం పక్క మంచం ఆయన తాగి కింద పెట్టిన తన బొండం ఎవరు జరిపారని నర్సును అడిగాడు. అతనికి కామెర్లు, తాగమని డాక్టరే చెప్పారు. వెంకటరత్నం గారు కాలితో దాన్ని తన మంచం కిందికి తెచ్చుకున్నారని అప్పుడు తెలిసింది.

"మీ ముఖం ఎలా పెడతారో చూద్దామనిపించిందండి. ఇక్కడ పొద్దుపోవటం లేదు మరి," అన్నారు.

కేసు షీటులో ఒకసారి రాసింది చెరపకూడదు. ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. నేను ఆ గీత గీస్తుంటే ఆయన దిండు ఎత్తుగా పెట్టించుకుని మరీ చూశారు.

నాలుగో రోజుకు పొటాషియం దిగింది, ఇంటికి పంపారు. పది రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే మళ్ళీ పెరుగుతోంది. మందు మోతాదు పెంచి, డాక్టరు ఈసారి నాతో మాట్లాడకుండా నా వైపు చూశారు. ఆ ఆదివారం చెప్పకుండా వాళ్ళ ఊరు వెళ్ళాను. పి.గన్నవరం దాకా బస్సు, అక్కడి నుంచి రిక్షా.

సుభద్రమ్మ గారు నన్ను చూసి కంగారుపడలేదు. "వెతుక్కోండి మేడం గారూ, నాకూ తెలుసుకోవాలనే ఉంది," అని వంటిల్లు, దేవుడి గది, మంచాల కింద కూడా చూపించారు. ఏమీ దొరకలేదు. తోటలో మోటారు షెడ్డు చూస్తానన్నాను. అంతవరకు కులాసాగా వెంట తిరుగుతున్న వెంకటరత్నం గారు, అక్కడ తేళ్ళుంటాయండి అన్నారు. నేను వెళ్ళాను. స్టార్టరు పెట్టె పైన, పాత గోనెపట్టా కింద, చిన్న జాడీలో మాగాయ ఉంది.

"ఎప్పటి నుంచి?" అని అడిగారు సుభద్రమ్మ గారు.

"వారానికి ఒక్క ముక్కే. అదీ నాకుతాను, అంతే," అన్నారాయన.

దొంగ దొరికాడన్న సంతోషం నాకు పది అడుగులు కూడా నిలవలేదు. మాగాయలో ఉండేది ఉప్పు. అది బీపీని పెంచుతుంది, కాళ్ళు వాచేలా చేస్తుంది. వారానికి ఒక్క ముక్కతో పొటాషియం ఆరు దాటదు. అంటే అసలు దొంగ ఇంకా దొరకలేదు.

భోజనం చేయకుండా వెళ్ళనివ్వనన్నారు సుభద్రమ్మ గారు. ఆయన కోసం చార్టు ప్రకారం వండినదే పెట్టమన్నాను. బీరకాయ కూర, పలచటి పప్పు. మొదటి ముద్దకే ఆగాను. కూర రుచిగా ఉంది. ఉప్పు తగ్గించిన కూర అంత రుచిగా ఉండదు. చివర్లో కొంచెం చేదు నాలుకకు తగిలింది.

"ఉప్పు ఎంత వేశారండీ?"

"ఎంత కావాలంటే అంత వేస్తున్నానండి. ఇది బీపీ ఉప్పండి. మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి తెచ్చి ఇస్తున్నాడండి," అని పొట్లం తెచ్చి చూపించారు. "చప్పిడి కూడు తినలేక ఆయన కంచం ముందు కూర్చుని బిక్కమొహం వేసేవారండి. ఇది తెచ్చేక సుబ్బరంగా తింటున్నారు."

పొట్లం వెనక సన్నటి అక్షరాలు చదివాను. మామూలు ఉప్పులో ఉండే సోడియం తగ్గించి, ఆ మేరకు పొటాషియం కలిపారు. కిడ్నీలు బాగున్న బీపీ రోగికి అది పనికొస్తుంది. ఈయనకు పూటపూటా మేము దించుతున్నదాన్నే మళ్ళీ ఎక్కిస్తోంది. ఉడకబెట్టి, నీళ్ళు పారబోసి, కూరలోంచి తీసేసినదాన్ని ఆవిడ చెంచాతో తిరిగి వేస్తున్నారు.

"ఇది వాడొచ్చని ఎవరు చెప్పారు?" అని కొంచెం గట్టిగానే అడిగాను.

ఆవిడ నా ముఖం వైపు ఆశ్చర్యంగా చూశారు. "మీరేనండి. రెండోసారి వచ్చినప్పుడు నడవాలో అడిగేను కదండీ, సోడియం తక్కువ ఉప్పు దొరుకుతుందట, మంచిదేనా అని. మంచిదేనండి అని వెళ్ళిపోయేరు."

గుర్తొచ్చింది. చేతిలో ఏవో కాగితాలు, ఎక్కడికో తొందర. ప్రశ్న సగం విని తలూపాను. ఆ తలూపు ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

వెంకటరత్నం గారు గొంతు సవరించుకుని, "అయితే అమ్మాయి గారూ, బొండం కేసు కొట్టేసినట్టేనాండి?" అన్నారు.

"కొట్టేశాను."

"మాగాయ కేసు?"

అక్కడ బేరం మొదలైంది. తప్పు నాది కాబట్టి ఆ పూట తగ్గవలసింది నేనే, అది తెలిసి ఆయన గట్టిగానే ఆడారు. చివరికి ఇలా తేలింది. ఆ పొట్లం అవతల పారేయాలి. రోజుకు సరిపడా మామూలు ఉప్పు సుభద్రమ్మ గారు పొద్దున్నే చెంచాతో కొలిచి చిన్న సీసాలో పోసి ఆయన చేతికి ఇస్తారు. అందులో ఏ కూరకు ఎంతన్నది ఆయన ఇష్టం. మాగాయ ముక్క కావాలంటే ఆ రోజు సీసాలో సగం ముందే తగ్గిస్తారు. వారానికి ఒక్కటి, చిన్నది, అదీ భార్య ఎదుట తినాలి. ఆ చివరి షరతుకే ఆయన ఎక్కువ బాధపడ్డారు.

మర్నాడు డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నా తలూపుతో సహా. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. కేసు షీటు నా వైపు జరిపి, ఇదంతా మీ చేత్తోనే రాయండి అన్నారు. రాశాను. పదిహేను రోజులకు పొటాషియం ఐదు లోపలికి వచ్చి అక్కడే నిలిచింది. వెంకటరత్నం గారు ఆ తర్వాత ఆరేళ్ళు డయాలసిస్ అవసరం లేకుండా గడిపారు. వచ్చిన ప్రతిసారీ పక్క మంచాల కింద ఓ చూపు చూసి, నేను గమనించానో లేదో చూసుకునేవారు.

ఆ తర్వాత నా పద్ధతిలో మూడు మార్పులు చేశాను. రోగి ఏం తింటున్నాడని రోగిని అడగడంతో ఆపకుండా, వండేవాళ్ళను వంటింట్లోని పొట్లాలు, డబ్బాలు సంచిలో వేసుకు రమ్మనేదాన్ని. ఉప్పు తగ్గించమని రాసిన ప్రతి చోటా, దాని బదులు ఏ ఉప్పు వాడకూడదో కూడా రాసేదాన్ని. నడవాలో నిలబడి ఏ ప్రశ్నకూ జవాబు చెప్పడం మానేశాను. అడిగినవాళ్ళను బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, పూర్తిగా విని, కాగితం మీద రాసిచ్చేదాన్ని. దానికి ఐదు నిమిషాలు ఎక్కువ పట్టేది.